మన సైకిలు మన కొలతకు

రవిక కుట్టించాలంటే కొలతలు ఇస్తాం. చెప్పులు కొనాలంటే కాలికి వేసుకుని చూస్తాం. మరి సైకిలుకు కొలత చూస్తామా? చూడం. ఇంట్లో ఉన్నదే ఎక్కుతాం. పడితే, “మనకు రాదులే” అని వదిలేస్తాం.

పెనుకొండ దగ్గర ఒక పల్లెలో నేను చదువు చెప్పేటప్పుడు ఒక అక్క ఉండేది. రోజూ మూడు కిలోమీటర్లు నడిచి రోడ్డుకు వచ్చేది. అక్కడ హిందూపురం బస్సెక్కి, బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయేది. బస్సు తప్పితే ఆ రోజు కూలి పోయినట్లే. భర్త పని కోసం బెంగుళూరు పోయాడు. ఆయన సైకిలు ఇంట్లోనే ఉంది.

“సైకిలు ఉంది కదా, ఎందుకక్కా నడుస్తావు?” అని అడిగాను.

“రెండుసార్లు పడినా టీచరమ్మా. నాకు రాదు” అనింది.

సైకిలు చూశాను. సీటు ఆమె భర్త ఎత్తుకు ఉంది. ఎక్కితే ఆమె కాళ్లు నేలకు అందడం లేదు. తప్పు ఆమెది కాదు, సీటుది! సీటు దించాం. వారం తిరక్కుండానే ఆమె నేర్చుకుంది.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లను చూడండి. మగ్గం గుంతలో కూర్చుంటే కాళ్లతో తొక్కే పలకలు అందాలి. అందకపోతే నేత సాగదు. నడుము నొస్తుంది. సైకిలూ అంతే.

సీటు ఎంత ఎత్తు ఉండాలి?

కొత్తగా నేర్చుకునేటప్పుడు సీటు బాగా దించండి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. అప్పుడు భయం పోతుంది.

బాగా వచ్చిన తర్వాత సీటు కొంచెం ఎత్తాలి. ఎప్పుడూ కిందనే ఉంటే మోకాళ్లు నొస్తాయి. కొలత చూడటం తేలిక. ఒకరు సైకిలు పట్టుకోవాలి. మీరు సీటు మీద కూర్చుని, పెడలును కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు చక్కగా చాచినట్లుంటే ఎత్తు సరిపోయింది. తొక్కేటప్పుడు మడమ కాదు, పాదం ముందు భాగం పెడలు మీద పెట్టాలి. అప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది. అదే సరైన ఎత్తు. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే, సీటు ఎక్కువ ఎత్తున్నట్లు.

ఎలా మార్చాలి?

సీటు కింద ఇనుప గొట్టం ఉంటుంది. అది సైకిలులోకి దిగేచోట ఒక నట్టు ఉంటుంది. పానాతో దాన్ని వదులు చేయండి. సీటును దించండి, లేదా ఎత్తండి. మళ్లీ గట్టిగా బిగించండి.

ఒక జాగ్రత్త. గొట్టాన్ని మరీ పైకి లాగకూడదు. కొన్ని గొట్టాల మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనబడకూడదు. గీత లేకపోతే, కనీసం నాలుగు వేళ్ల వెడల్పు గొట్టం లోపలే ఉండాలి. లేకపోతే సీటు ఊడుతుంది.

సీటు సమంగా ఉండాలి. మీ పలకను సీటు మీద పెట్టి చూడండి. పలక ముందుకు వాలితే చేతుల మీద బరువు పడుతుంది.

హ్యాండిలు సంగతి

హ్యాండిలు సీటంత ఎత్తులో గాని, కొంచెం పైన గాని ఉంటే నడుముకు సుఖం. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. బ్రేకు వేళ్లకు అందాలి. కడ్డీ బ్రేకుల సైకిలైతే హ్యాండిలు మార్చినప్పుడు బ్రేకు కడ్డీలు కూడా సవరించాలి. ఆ పని సైకిలు షాపులో చేయించండి. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టి, హ్యాండిలు తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిలు ఒక్కటే తిరిగితే, బిగింపు చాలలేదు.

మోటారు సైకిలుకు కూడా హ్యాండిలును కొంచెం ముందుకో, వెనక్కో వంచి బిగించవచ్చు. బ్రేకు పిడిని చేతికి అనువుగా తిప్పవచ్చు. కానీ అది మెకానిక్కు పని. వైర్లు లాగినట్లు ఉండకూడదు.

ఏ బండి ఎక్కినా చీర కుచ్చెళ్లు, కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోండి.

పుదుక్కోట్టై అక్కలు

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1991లో అక్కడి కలెక్టరు షీలారాణి చుంకత్. ఆమె చొరవతో చదువుల ఉద్యమంలో సైకిలు నేర్పడం కూడా చేర్చారు. వేలాది ఆడవాళ్లు నేర్చుకున్నారు. 1992లో లేడీస్ సైకిళ్లకు కరువొచ్చింది. వాళ్లు ఆగలేదు. మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు. ముందు కమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయి!

మన పెనుకొండ అక్క ఇప్పుడు బస్సు కోసం పరుగెత్తదు. పానా మాత్రం గూట్లోనే పెట్టుకుంది. భర్త ఊరికి వస్తే సీటు ఎత్తుతాడు. ఆయన పోగానే ఈమె దించుకుంటుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంటి సైకిలు సీటు ఎవరి ఎత్తుకు ఉంది?
2. పానా పట్టడం మగవాళ్ల పనేనా?
3. సైకిలు వస్తే మీరు మొదట ఎక్కడికి పోతారు? రెండు వాక్యాలు రాయండి.