మా ఊరి కతలు, మా అమ్మ విన్నాక

బాగలూరు సర్కిల్లో తెల్లారి బస్సు కోసం నిలబడితే మూడు భాషలు ఒకేసారి చెవిన పడతాయి. టీ అంగడాయన తమిళంలో లెక్క చెబుతుంటాడు. మాలూరు వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు కన్నడంలో బాడుగ మాట్లాడుతుంటాడు. పూల మూట దించుకునే ఆడమనిషి "పట్టుకోప్పా, జారిపోతా ఉండాది" అని తెలుగులో అరుస్తుంది. ముగ్గురి మాటా ముగ్గురికీ తెలుసు. బోర్డుల మీద మాత్రం ఎక్కువగా తమిళమే ఉంటుంది.

హోసూరు నుంచి మాలూరు పోయే దారిలో, కర్ణాటకకు గడపలాంటి చోట ఉంది మా ఊరు బాగలూరు. నంది కొండల దిక్కున పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు అంచులు దాటి మా పక్కనే తమిళనాడులో అడుగు పెడుతుంది. బేరికె, సూళగిరి, అంకుశగిరిలాగా పాళెగాళ్ల కాలంలో ఇదీ ఒక పాళెమే. 1799లో టిప్పు పడిపోయాక ఇంగ్లీషు దొరల సేలం జిల్లాలో కలిసింది. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. కోలారు, బెంగళూరు చుట్టుపక్కల పల్లెలు, మా హోసూరు సీమ కలిపి పెద్దలు మొరసునాడు అనేవాళ్లు. ఆ పేరు ఏ రెవెన్యూ కాగితంలోనూ కనిపించదు. మళ్లీ దాన్ని పలికిస్తున్నది కతలు రాసేవాళ్లే. నేను చెప్పాలనుకుంటున్నది ఆ కతల గురించి, చదివిన మనిషిగా.

చిన్నప్పుడు బడిలో వ్యాసం రాస్తూ "మా ఊరి చెరువు నిండా బాగుంటుంది" అని రాశాను. అయ్యవారు ఎర్ర సిరాతో "నిండా" కొట్టేసి "చాలా" అని పైన రాశారు. చెరువు నిండా నీళ్లుంటాయి గాని చెరువు నిండా బాగుండదని అందరి ముందూ చెప్పారు. మా ఇంట్లో అన్నీ నిండా బాగుండేవే. ఆ రోజు నుంచి నాకు రెండు తెలుగులు, ఒకటి నోటికి, ఒకటి నోటుబుక్కుకు. ముప్ఫై ఏళ్ల తర్వాత మా సీమ రచయిత ఒకాయన కతలో అదే "నిండా", అదే అర్థంతో, అచ్చులో కనిపించింది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ కత బాగుందో లేదో ఆ పూట నాకు పట్టనే లేదు.

అక్కడే నాకు మొదటి అనుమానం కూడా వచ్చింది. మాట దొరికిన సంతోషంలో కతను చదవకుండా వదిలేస్తున్నానా?

ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను. అగరం వసంత్ మా సీమ మాటలో రాసిన కతలు చదివాను. పులికాటు సరస్సు ఒడ్డు తెలుగును కతల్లోకి తెచ్చిన స.వెం.రమేశ్ 'ప్రళయ కావేరి కథలు' చదివాను. పత్రికల్లో అక్కడొకటి ఇక్కడొకటి వచ్చినవి కత్తిరించి దాచుకున్నాను. ఇంకా బయటి ప్రపంచం చూడని చేతిరాతలు కూడా కొన్ని నా దగ్గరకు వచ్చాయి. వీటిల్లో నన్ను కట్టిపడేసినవి ఉన్నాయి. అనపకాయల కాలం వస్తే గింజలు నానబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తోలు తీస్తూ, పితికిన పప్పు ఉడికేలోగా ఊరి సంగతులన్నీ తేల్చేయడం ఉంది చూడండి, దాన్ని రాసినప్పుడు మా వాళ్ల కలానికి తిరుగులేదు. రాగి సంగటి ముద్ద చల్లారకముందే తినాలన్న తొందర కూడా వాక్యంలో తెలుస్తుంది.

నచ్చనివీ చెప్పాలి. చాలా కతల్లో మాటలు సంతలో సరుకులా పరిచి పెట్టినట్టుంటాయి. ఒక పేరాలో పది పాత మాటలు, కింద పది అర్థాలు. నిజంగా మా అవ్వ అట్లా మాట్లాడేదా అని అడిగితే లేదనే చెబుతాను. ఆమె మాటల్లో పాతవీ ఉండేవి, కన్నడం నుంచి తెచ్చుకున్నవీ ఉండేవి, బస్సు, కరెంటు, రేషను కూడా ఉండేవి. చిత్తూరు మాటలో నామిని సుబ్రమణ్యం నాయుడు రాసింది చదువుతుంటే నాకు కింద అర్థాల అక్కర లేకపోయింది. మాట వెనక మనిషి ఉన్నాడు, ఆ మనిషి ఏం చేస్తున్నాడో తెలిస్తే మాట అదే తెలిసిపోతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఈ కతలు ఎక్కువగా కపిల బావి దగ్గరే ఆగిపోతాయి. ఎద్దులు, మోట, వెన్నెల, చివర అవ్వ చనిపోవడం. నేనూ అవ్వను పోగొట్టుకున్నదాన్నే, ఆ దుఃఖం నాకు తెలుసు. అయితే ఇప్పటి బాగలూరు ఎక్కడ?

ఇప్పుడు మా చుట్టూ కొండ మీద నుంచి చూస్తే తెల్లటి గుడారాల్లా కనిపించేవి గ్రీన్‌హౌసులు. హోసూరు గులాబీ సింగపూరు, మలేషియా దాకా పోతుంది. తాజ్‌మహల్ అనే ఎర్ర రకం ఫిబ్రవరి 14కి అందాలంటే నెలన్నర ముందే కొమ్మలు కత్తిరించి లెక్క కుదుర్చుకోవాలి. మొగ్గ విచ్చుకోకుండా ఒక్కోదానికీ వల టోపీ తొడుగుతారు. మంచు విడవక ముందే ఆడపిల్లలు లోపలికి పోయి కోస్తారు, ముళ్లు చేతి తొడుగుల్లోంచి కూడా దిగుతాయి. కోసినవి చల్లటి గదికి పోతాయి, అక్కడ కాడల పొడుగు కొలిచి కట్టలు కడతారు. ఎండలోంచి చలిలోకి, చలిలోంచి ఎండలోకి రోజుకు ఎన్నిసార్లు తిరుగుతారో ఆ పిల్లల ఒళ్లు నొప్పులే చెబుతాయి. ఎవరో ఎవరికో ప్రేమగా ఇచ్చే పువ్వు వెనక ఇంత ఉంది. ఇది కత కాదా? నేను చదివినవాటిలో ఒక్కటంటే ఒక్కటి ఆ ప్లాస్టిక్ కప్పు కిందికి పోలేదు.

పినాకిని సంగతీ అంతే. కతల్లో ఏరు ఇంకా తేటగా పారుతుంది. నిజంలో బెంగళూరు మురికి అంతా మోసుకొచ్చి, వాన పడిన మరునాడు కెలవరపల్లి డ్యాము దగ్గర మనిషెత్తు తెల్లటి నురగ కక్కుతుంది. ఆ నీళ్లతోనే పైరు. షిఫ్టు బస్సులు సిప్కాట్ పారిశ్రామికవాడ కంపెనీలకు జనాన్ని చేరవేస్తుంటాయి. మా చేలల్లో బీహారు, ఒడిశా పిల్లలు టమోటా బుట్టలు ఎత్తుతున్నారు, వాళ్లు నేర్చుకునే మొదటి దక్షిణాది మాట మా ఊళ్లో చాలాసార్లు తెలుగే. "రా", "ఎత్తు", "చాలు". ఈ మూడు మాటల మీద ఎంత కత రాయొచ్చు!

ఇదంతా ఒక రచయితకు ముఖం మీదే చెప్పాను. వయసులో నాకంటే చిన్నవాడు. చెప్పేశాక భయం వేసింది. ఆయన కాసేపు ఊరకే ఉండి, "బాగుంది బాగుంది అనేవాళ్లే అక్కా ఇన్నాళ్లూ. ఏడ బాగలేదో చెప్పినోళ్లు లేరు" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పరాయి రాష్ట్రంలో ఉండి కూడా తెలుగులో రాస్తున్నారే పాపం, అని భుజం తట్టి పంపేస్తే అది మెచ్చుకోలు కాదు. వాళ్ల రచనను లెక్కలోకి తీసుకోకపోవడం అది. రాసినవాడికి దక్కాల్సిన మర్యాద, చదివి మనసులో మాట చెప్పడం.

వాళ్ల కష్టమూ తెలుసు నాకు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి పాకి, 2016కి పదో తరగతి పరీక్ష దాకా వచ్చింది. మినహాయింపుల కోసం కోర్టుల చుట్టూ తిరగడం ఆ ఏటితోనే ఆగలేదు. తమిళం నేర్చుకోవద్దని మాలో ఎవరూ అనరు, అది మేం బతికే నేల భాష. కాని తెలుగు అక్షరం చేతికి రాని పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. 2024లో మా కృష్ణగిరి ఎంపీ కె.గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే మా ఇళ్లల్లో కళ్లు చెమర్చాయి. అయితే ఆ ప్రమాణం విని మురిసిన పిల్లల్లో ఎందరు మా రచయితల కతను చూసి చదవగలరు?

కి.రాజనారాయణన్ గుర్తొస్తారు. ఇంట్లో తెలుగు, రాత తమిళం. తెలుగుసీమ నుంచి కరిసల్ అనే నల్లరేగడి నేలకు వలస పోయిన తన వాళ్ల కతను 'గోపల్ల గ్రామం'గా తమిళంలో రాశారు, ఆ తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాదెమీ పురస్కారం అందుకున్నారు. కరిసల్ సీమ మాటలకు నిఘంటువే కట్టారు. 2021లో ఆయన పోతే తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది. మా వాళ్లూ ఆ దారి పట్టి ఉంటే చదివేవాళ్లు లక్షల్లో ఉండేవాళ్లు. పట్టలేదు. గుప్పెడు మంది కోసం తెలుగులోనే రాస్తున్నారు. అందుకే వాళ్ల మీద నాకు కోపం వచ్చినా దూరం రాదు.

పోయిన చలికాలం ఒక సాయంత్రం మా అమ్మ అనపకాయలు ఒలుస్తుంటే, నేను తప్పుపట్టిన కతల్లో ఒకటి ఆమెకు పైకి చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు. మాటల సంత అని నేను విసుక్కున్న పేరా దగ్గర ఆమె ఒలవడం ఆపేసింది. "ఈ మాట మా అమ్మ అనేది, నేను మరిచేపోయుండాను" అంది. ఇంకోసారి చదవమంది. కపిల బావి దగ్గర మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఎద్దుకు అంత సుకం లేదులే. వీపు పుండయ్యేది" అంది. నేను ఇన్ని పేజీల్లో చెప్పలేకపోయిన విమర్శ అది. ఆ రోజు నుంచి కళ్లతో చదివి తీర్పు చెప్పడం మానేశాను. ఏ కతనైనా అమ్మకు వినిపించాకే నా అభిప్రాయం. కొన్ని విషయాల్లో నా మాట మారింది, పాత మాటల గురించి ముఖ్యంగా. గ్రీన్‌హౌసు గురించి మారలేదు.

మా తమ్ముడి కూతురు ఈ చదువులన్నీ పక్కన కూర్చుని వినేది. తమిళ మీడియంలో చదివిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గాని రాయలేదు. ఒకనాడు నాలుగు కాగితాలు తెచ్చి ఇచ్చింది. గ్రీన్‌హౌసుకు పనికి పోయే తన స్నేహితురాలి కత. మాటలన్నీ మా ఇంటి తెలుగే, అక్షరాలన్నీ తమిళం. తమిళంలో పకు, బకు ఒకటే అక్షరం కదా, మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల పడిపోయిందా, ఆ పిల్లకు బడి పోయిందా?

"బడే అత్తా" అంది.

కాగితం అంచున పెద్దగా "బ" రాసి చూపించాను. చాలాసేపు చూసి, పెన్ను తీసుకుని, దాని పక్కనే తనూ రాసింది.