ఇంటి కారుకు ఏ జాకీ?

ట్రాలీ జాకీ చక్రాల మీద దొర్లుతూ కారు కిందికి వెళ్తుంది. వెనకున్న పొడవాటి కడ్డీని పైకీ కిందికీ ఆడిస్తే నూనె ఒత్తిడితో బండిని లేపుతుంది. మెకానిక్ షెడ్లలో వాడే ఈ సాధనం చిన్న సైజుల్లో ఇళ్లకూ చేరింది. ఇందులో లో ప్రొఫైల్ రకం అంటే, పూర్తిగా దించినప్పుడు కారుకు ఆనే తల నేలకు బాగా దగ్గరగా ఉండేది. మామూలు ట్రాలీ జాకీ తల దించినా నేలకు 13, 14 సెంటీమీటర్ల ఎత్తులో ఆగుతుంది. లో ప్రొఫైల్‌ది ఏడున్నర నుంచి 10 సెంటీమీటర్ల దాకా దిగుతుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వంటి ఊళ్లలో స్టెప్నీ మార్చడం, బ్రేకులు చూసుకోవడం, ఇంజిన్ ఆయిల్ దించడం వంటి పనులు ఇంటి దగ్గరే చేసుకునేవారికి ఇది అక్కరకొస్తుంది. అయితే తల ఎంత కిందికి దిగుతుందన్నది ఒక్కటే చూసి కొంటే పని జరగదు. కారు ఎత్తు, కారు బరువు, ఇంటి ముందున్న నేల తెలిశాకే జాకీని ఎంచుకోవాలి.

చిన్న పిస్టన్, పెద్ద బరువు

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పడిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పాడు. ఈ సూత్రంతో 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు పొందాడు. నేటి హైడ్రాలిక్ జాకీలన్నీ ఆ దారిలో వచ్చినవే.

జాకీలో రెండు పిస్టన్లు ఉంటాయి. ఉదాహరణకు చిన్నదాని వ్యాసం ఒక సెంటీమీటరు, పెద్దదాని వ్యాసం నాలుగు సెంటీమీటర్లు అనుకుంటే, వైశాల్యంలో పెద్దది పదహారు రెట్లు. చిన్న పిస్టన్ మీద 100 కిలోల బలం పడితే పెద్దది 1,600 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. ఆ 100 కిలోలూ చేతితో నొక్కనక్కర్లేదు. కడ్డీ పొడవు వల్ల ఐదారు కిలోల బలమే అంతగా పెరుగుతుంది. నూనె వెనక్కి పోకుండా లోపలి చిన్న వాల్వు అడ్డుపడుతుంది. కడ్డీని తిప్పి మరో వాల్వు తెరిస్తే నూనె ట్యాంకులోకి జారి బండి దిగుతుంది.

అంటే ఎత్తిన బరువును పట్టి ఉంచేది ఒక రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. సీలు చిరిగినా, వాల్వులో నలుసు చిక్కినా బరువు దిగిపోతుంది. జాకీ ఎత్తడానికే తప్ప బరువును నిలబెట్టడానికి కాదు అనడానికి కారణం ఇదే.

ఎంత తక్కువ ఎత్తు కావాలి?

మన కార్లు విదేశాల్లోని స్పోర్ట్స్ కార్లంత కిందికి ఉండవు. కంపెనీ లెక్కల్లో మారుతి స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, హ్యుందాయ్ క్రెటాది 190. ఈ అంకెలు చూస్తే మామూలు జాకీ కూడా సులువుగా దూరుతుందనిపిస్తుంది. నాలుగు టైర్లలో గాలి ఉన్నంతవరకు అది నిజమే.

పంక్చరైతే లెక్క మారిపోతుంది. 185/65 ఆర్15 టైరు పక్కగోడ ఎత్తు దాదాపు 12 సెంటీమీటర్లు. గాలి పూర్తిగా పోతే రిమ్ము నలిగిన రబ్బరు మీద కూర్చుని, ఆ మూల ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా దిగుతుంది. డిక్కీలో సామానుంటే, స్ప్రింగులు పాతబడి ఉంటే ఇంకా దిగుతుంది. జాకీ పెట్టాల్సిన అంచు మామూలుగా 19 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేదనుకుంటే, పంక్చరైనప్పుడు 11 నుంచి 13 దగ్గర ఉంటుంది. 14 సెంటీమీటర్ల జాకీ అక్కడ దూరదు. 9 సెంటీమీటర్లది దూరుతుంది. లో ప్రొఫైల్ జాకీ విలువ తెలిసేది ఇక్కడే.

అందుకే కొనేముందు బ్రోచరు అంకె చూసి ఊరుకోకుండా కారునే కొలవాలి. ఓనర్స్ మాన్యువల్‌లో చూపిన జాకీ చోటు నుంచి నేల వరకు స్కేలు పెట్టి కొలిచి, ఆ ఎత్తులోంచి 8 సెంటీమీటర్లు తీసేయాలి. మిగిలినదానికంటే జాకీ కనిష్ఠ ఎత్తు రెండు సెంటీమీటర్లైనా తక్కువ ఉంటే చాలు. అంతకంటే పలచటి జాకీకి అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు.

ఎంత పైకి లేపాలి?

కిందికి దిగే ఎత్తుతో పాటు పైకి లేచే ఎత్తు కూడా చూడాలి. అంచు దగ్గర లేపినప్పుడు బాడీ ముందు లేస్తుంది. సస్పెన్షన్ సాగి చక్రం కాసేపు నేలమీదే ఉంటుంది. టైరు నేల వదలాలంటే బాడీ పది, పదిహేను సెంటీమీటర్లు లేవాల్సి రావచ్చు. చిన్న కారుకు 33 నుంచి 38 సెంటీమీటర్ల దాకా లేచే జాకీ సరిపోతుంది. అంచు 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉండే పెద్ద బండికి 33 సెంటీమీటర్ల జాకీ పెడితే లేపగలిగేది ఎనిమిది సెంటీమీటర్లే. టైరు నేల వదలదు.

అప్పుడు చాలామంది జాకీ తల మీద చెక్కదిమ్మె పెడతారు. అది బరువు కింద జారవచ్చు, నిలువుగా చీలవచ్చు. ఎత్తు చాలకపోతే మార్చాల్సింది జాకీనే. బొలేరో, స్కార్పియో వంటి బండ్లున్న ఇళ్లకు లో ప్రొఫైల్ అవసరం తక్కువ. వాటికి 45, 50 సెంటీమీటర్ల దాకా లేచే జాకీ కావాలి.

ఎన్ని టన్నులు?

ఒకసారి జాకీ మీద పడేది కారు మొత్తం బరువు కాదు. 900 కిలోల చిన్న కారు ముందు భాగమంతా లేపినా, ఇంజిన్ బరువుతో కలిపి 550 కిలోల లోపే పడుతుంది. దానికి రెండు టన్నుల జాకీ ఎక్కువే. ఇన్నోవా క్రిస్టా వంటి భారీ బండికి మూడు టన్నులది తీసుకోవడం మంచిది. అక్కడ అదనపు టన్ను బరువు కోసం మాత్రమే కాదు. మూడు టన్నుల జాకీల ఫ్రేము పొడవుగా, వెడల్పుగా ఉండి పక్కకు ఒరగదు. పెట్టెలో అమ్మే పొట్టి జాకీ మీద టన్నులు ఎన్ని రాసి ఉన్నా, ఇరుకు ఫ్రేము వల్ల అది కుదురుగా నిలబడదు.

నేల పెట్టే పరీక్ష

మార్కాపురం, గిద్దలూరు వైపు జాకీకి అసలు పరీక్ష నేల దగ్గరే. మార్కాపురం పేరు చెబితే పలకలు గుర్తొస్తాయి. ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లలు రాసుకున్న పలకలకు ఈ ఊరు పెట్టింది పేరు. భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరుతో పిలిచే శిలాశ్రేణిలో ఈ పలకరాయి దొరుకుతుంది. ఇక్కడి ఇళ్ల ముందు వాకిళ్లలో పలకరాయి బండలో, నాపరాళ్లో పరిచి ఉండటం మామూలే.

పలకరాయి పొరలు పొరలుగా విడిపోయే రాయి. కింద గట్టిగా ఆన్చి ఉంటే చాలా బరువు మోస్తుంది. కింద ఖాళీ ఉంటే వంగలేక పుటుక్కున విరుగుతుంది. కారు టైరు తన బరువును అరచేయంత మేర పరుస్తుంది. జాకీ ఇనుప చక్రం అదే బరువును సన్నని గీత మీద మోపుతుంది. రోజూ కారు నిలబడే బండే జాకీ కింద చిట్లడానికి కారణం ఇదే. బండను సుత్తి పిడితో తట్టి చూస్తే విషయం తెలుస్తుంది. గట్టిగా మోగితే కింద సందు లేదు. డొల్లగా మోగితే అక్కడ జాకీ పెట్టకూడదు.

ఇంకో చిక్కు బండల మధ్య సందులది. జాకీ తల నిట్టనిలువుగా లేవదు, వంపుగా లేస్తుంది. దానికి తగ్గట్టు జాకీ కొంచెం ముందుకు దొర్లాలి. చక్రం సందులో ఇరుక్కుంటే జాకీ కదలదు, తల కారు అంచు నుంచి జారుతుంది. ఎర్రమట్టి, గ్రావెల్, నల్లరేగడి నేలల్లోనూ ఇదే ప్రమాదం, పైగా చక్రాలు దిగబడతాయి. లో ప్రొఫైల్ జాకీల చక్రాలు మరీ చిన్నవి, ఫ్రేము నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గరుకు నేల మీద వీటితో ఇబ్బంది ఎక్కువ. జాకీ మొత్తం పట్టేంత మందపాటి ప్లైవుడ్ గానీ ఇనుప రేకు గానీ కింద పరిస్తే బరువు పరుచుకుంటుంది, చక్రాలు దొర్లుతాయి. అన్నిటికంటే మేలైనది సమతలంగా పోసిన కాంక్రీటు.

డోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే ఘాట్‌లోనో, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల దారిలోనో టైరు పోతే ట్రాలీ జాకీ పనికిరాదు. వాలు మీద చక్రాల జాకీ దొర్లిపోతుంది. వీలైనంత చదునైన చోట బండి ఆపి, కారుతో వచ్చిన స్క్రూ జాకీ కింద గట్టి పలక వేసి వాడుకోవాలి.

స్టాండ్లు లేకుండా జాకీ కొనకూడదు

జాకీతో పాటే ఒక జత జాకీ స్టాండ్లు కొనాలి. ఎత్తిన కారును వాటి మీద దించాకే కిందికి దూరాలి. స్టాండ్లలో పళ్లకు గొళ్లెం పడే రకం ఒకటి, రంధ్రంలోంచి మందపాటి పిన్ను దూర్చే రకం ఒకటి ఉంటాయి. 2020లో అమెరికాలో గొళ్లెం జారిపోతోందని పది లక్షలకు పైగా స్టాండ్లను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. ఇంటి వాడకానికి పిన్ను రకం మేలు. పిన్ను పూర్తిగా దూరిందో లేదో కంటికి కనిపిస్తుంది.

పని క్రమం చిన్నదే. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, నేలను వదలని చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. వీల్ బోల్టులను కారు ఎత్తకముందే కొద్దిగా వదులు చేయాలి. జాకీ తల మాన్యువల్ చూపిన చోటే ఆనాలి. డోర్ల కింద మడత రేకుకు గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ వాడితే అంచు నలగదు. ఆయిల్ ఛాంబర్, గేర్ బాక్సు, ప్లాస్టిక్ భాగాల కింద పెడితే పగులుతాయి. దించేటప్పుడు వాల్వును కొద్దికొద్దిగా తిప్పాలి.

కొనేచోట, కొన్నాక

దుకాణంలోనే కడ్డీ బిగించి జాకీని పూర్తిగా లేపించి, దించి చూడాలి. జాకీ తలను మోసే చేయి ఎటూ ఊగకూడదు, తల తిరగాలి, చక్రాలు బిగుసుకోకూడదు, వెల్డింగుల్లో ఖాళీలు ఉండకూడదు. మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పడితే ఆగిపోయే ఓవర్‌లోడ్ వాల్వు, తల మీద రబ్బరు ప్యాడ్ ఉన్నదే తీసుకోవాలి. సీలు కిట్లు దగ్గర్లో దొరుకుతాయో లేదో అడగాలి. అల్యూమినియం జాకీ తేలిక, ఖరీదు ఎక్కువ. ఇంట్లో ఒకేచోట ఉండేదానికి ఇనుపది చాలు.

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండల్లో, క్వారీ దుమ్ములో జాకీని బయట వదిలితే సీళ్లు త్వరగా గట్టిపడతాయి. తలను పూర్తిగా దించి నీడలో ఉంచాలి. అప్పుడు పిస్టన్ కడ్డీ లోపలే ఉండి తుప్పు పట్టదు. నూనె తగ్గితే హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కడ్డీ ఆడిస్తున్నా తల మెత్తగా, ఆగి ఆగి లేస్తుంటే లోపల గాలి చేరినట్టు. వాల్వు తెరిచి నాలుగైదుసార్లు కడ్డీ ఆడిస్తే గాలి పోతుంది. ఎత్తిన బరువు తనంతట తాను దిగుతుంటే సీలు మార్పించేదాకా ఆ జాకీ వాడకూడదు. చేయి వంగినా, వెల్డింగు చిట్లినా బాగుచేయించే ఆలోచన మానేసి పాత ఇనుముకు వేసేయాలి.