ఆన్‌లైన్ వాణిజ్యమున లెక్కలు చెప్పు సలహా

దుకాణదారునకు చిట్టా, ఆవర్జా కొత్తవి కావు. ఏనాడు ఎంత అమ్మకమైనది, ఎవరి బాకీ ఎంత ఉన్నది వానిలో దొరకును. కాని ఒక ఖాతాదారుడు లోనికి వచ్చి, నాలుగు వస్తువులు చేతబట్టి చూచి, ఏమియు కొనక వెడలిపోయిన సంగతి ఏ చిట్టాకును ఎక్కదు. ఆన్‌లైన్ దుకాణమున ఆ సంగతియు నమోదగును. దేనిని వెదకినారు, దేనిని బుట్టలో వేసి తీసివేసినారు, ఎక్కడ ఆగిపోయినారు, అన్నియు కంప్యూటరులో నిలిచియుండును. ఈ రాశినుండి నిర్ణయమునకు పనికివచ్చు దానిని వెలికితీయు విద్యకు బిజినెస్ ఇంటెలిజెన్స్ అని పేరు.

ఈ మాటను 1958లో ఐ.బి.ఎం. పరిశోధకుడు హాన్స్ పీటర్ లూన్ తన వ్యాసమునకు శీర్షికగా ఉంచినాడు. ఇంటెలిజెన్స్ అనగానే మనకు వేగులవారు స్ఫురింతురు. లూన్ భావము అది కాదు. విషయముల పరస్పర సంబంధమును గ్రహించి, కోరిన లక్ష్యము వైపు పనిని నడుపు శక్తి అని ఆయన వివరణ.

అమెరికాలోని అమెజాన్ సంస్థ దీనికి మంచి ఉదాహరణము. 1995లో పుస్తకముల అమ్మకముతో ఆరంభమైన ఈ దుకాణము 1998 నుండి ఒక నూతన పద్ధతిని అవలంబించినది. ఒక కొనుగోలుదారుని లక్షలాది ఇతరులతో పోల్చవలెనన్న, ఆయన పుట తెరచునంతలో ఆ పని తెమలదు. కావున మనుష్యులను విడిచి వస్తువులను పోల్చినారు. ఏ పుస్తకము కొన్నవారు మరి ఏ పుస్తకము కొన్నారో ముందుగానే పట్టిక వేసి ఉంచుదురు; అవసరమైనపుడు చూచుటయే మిగులును. ఇందులో ఒక చిక్కు కలదు. ఊరందరు కొను పుస్తకము ప్రతి పుస్తకమునకును తోడుగానే కనిపించును. బియ్యము కొన్నవారందరు ఉప్పు కూడ కొందురు గదా! అందుచే యాదృచ్ఛికముగా ఎంతమంది కొందురో లెక్కగట్టి, అంతకు మించినపుడే దానిని సంబంధముగా భావింపవలెను.

ఈ పద్ధతి రూపకర్తలలో ఒకడైన గ్రెగ్ లిండెన్ చెప్పిన వృత్తాంతము మరింత గమనార్హము. బుట్టలోని సరుకులనుబట్టి మరికొన్ని వస్తువులను సూచింపవచ్చునని ఆయన ప్రతిపాదించినాడు. డబ్బు చెల్లింపబోవు వాని దృష్టి మరలునని ఒక ఉన్నతాధికారి గట్టిగా అడ్డు చెప్పి, ఆ పని ఆపుమన్నాడు. ఆ భయము నిరాధారమైనది కాదు. అయినను లిండెన్ దానిని కొందరు ఖాతాదారులకు మాత్రము చూపి పరీక్షించినాడు. అమ్మకములు విశేషముగా పెరిగినందున సంస్థ దానిని వెంటనే అమలుపరచినది. హోదా చెప్పిన మాటను లెక్క తిరుగవ్రాసినది.

పరీక్షలో ముఖ్యమైనది ఆ “కొందరు” అను మాటయే. రంజాన్‌కు ముందు వారములో దుకాణము రూపు మార్చి, గత మాసముతో పోల్చినచో అమ్మకము పెరిగియే ఉండును. అది పండుగ మహిమ. కాబట్టి ఒకే దినమున వచ్చినవారిని చీటీలు వేసినట్లు రెండు భాగములు చేసి, ఒకరికి పాత రూపు, ఒకరికి కొత్త రూపు చూపుదురు. పండుగ ఉభయులకును సమానమే గనుక, మిగిలిన భేదము మార్పు వలన కలిగినదని చెప్పవచ్చును. సంఖ్య స్వల్పమైనచో ఆ భేదము కాకతాళీయమై యుండవచ్చును.

ఏమి లెక్కింపవలెనన్నది మరియొక ప్రశ్న. మన దేశమున 2007లో స్థాపితమైన ఫ్లిప్‌కార్ట్, 2010లో సరుకు చేరిన పిమ్మట డబ్బు చెల్లించు సౌకర్యము కల్పించినది. కార్డులు లేనివారు కూడ కొనసాగినారు. అయితే ఈ విధానమున ఆర్డరు వేరు, అమ్మకము వేరు. గుమ్మమువద్ద కాదన్నచో సరుకు వెనుకకు వచ్చును. ఒక చీరకు 100 ఆర్డర్లు వచ్చి 30 తిరిగివచ్చినవనుకొందము. చీరకు లాభము 150 రూపాయలు, తిరిగివచ్చిన దానికి ఖర్చు 120 రూపాయలైనచో మిగులునది 6,900. వేరొక చీరకు 60 ఆర్డర్లే వచ్చి 3 మాత్రమే తిరిగివచ్చినచో మిగులునది 8,190. ఆర్డర్ల పట్టికలో మొదటి చీర అగ్రస్థానమున నిలుచును. దానినే నమ్మిన వర్తకుడు నేతవారికి దానినే మరల పురమాయించును. ఆ 30 చీరలు ఏల తిరిగివచ్చినవో, రంగు తేడాయో, ఆలస్యమో, ఈ పట్టికలో లేదు. అందుకు ఖాతాదారులనే అడుగవలెను.