కొత్త హంగులకు పాత గోడలు అడ్డమా?

అలీసాగర్ బంగళా, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ, ఇందూరు ఖిల్లా... జిల్లా ముందున్నది ఒకే ప్రశ్న

బోధన్: నిజామాబాదు - బోధన్ దారికి కొద్ది దూరంలో, ఎడపల్లి మండలంలో ఉన్న అలీసాగర్‌ను ఈ జిల్లా వాళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 1931 నాటి ఈ జలాశయం, దాని ఒడ్డున తోట, గుట్ట మీద నిజాం కాలపు వేసవి బంగళా మూడు తరాలుగా జిల్లా ప్రజల విహార స్థలం. కార్తీకంలో వనభోజనాలకైనా, బడి పిల్లల విహార యాత్రకైనా, పెళ్లయిన కొత్తలో ఆలుమగలు కలిసి వెళ్లడానికైనా మొదట గుర్తొచ్చేది ఇదే.

ఇలాంటి చోటును బాగుచేయాలన్న మాట ఎక్కడ వచ్చినా, వెనకనే ఇంకో మాట కూడా వస్తుంది. పిల్లలు ఆడుకునే రంగులరాట్నాలు, పడవలు, భోజనశాల, బస చేసే గదులు కావాలి. మరి వాటికి చోటెక్కడ? పాత కట్టడాలను తీసేస్తే సరిపోతుంది కదా!

పైకి ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ పడగొట్టడానికి ఒక్క పూట చాలు. పడగొట్టిన దాన్ని మళ్లీ తేవడం ఎవరి తరమూ కాదు. అందుకే గడ్డపార ఎత్తకముందే నాలుగు సంగతులు ఆలోచించుకోవాలి.

రెండు వైపులా న్యాయం

పడగొట్టాలనే వారి వాదనను తేలికగా తీసిపారేయరాదు. కురిసే కప్పు కింద పిల్లలను ఆడించలేము. ఏ గోడ ఎప్పుడు కూలుతుందో తెలియని చోట టిక్కెట్టు పెట్టి జనాన్ని పిలవలేము. వచ్చిన వాళ్లు ఒక పూట ఉండి నాలుగు రూపాయలు ఖర్చు పెట్టకపోతే, గేటు బయట మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే వాళ్లకు గిట్టుబాటు కాదు. చుట్టుపక్కల పల్లెల యువకులకు పని దొరకదు.

ఇంకో మాట కూడా ఉంది. 'నిజాం కట్టించిన బంగళాలు మనకెందుకు? అవి మన తాతలను వెట్టికి పట్టిన కాలపు గుర్తులు కావా?' అనే వారున్నారు. ఆ బాధ నిజమే. అయితే ఆ కట్టడాలకు రాళ్లు మోసింది, సున్నం నూరింది ఎవరు? నిజాంసాగర్ కట్టినప్పుడు 40 ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ల పొలాలు, గుళ్లు నీటి అడుక్కి పోయాయి. ఇంత ఇచ్చుకున్న ప్రజల సొత్తును నవాబు సొత్తని అనుకోవడం మనకు మనమే అన్యాయం చేసుకోవడం.

నిజాంసాగర్ చెప్పే పాఠం

పాతదాన్ని కొత్తగా మార్చుకోవడం ఎలాగో ఈ జిల్లా రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను నవాబ్ అలీ నవాజ్ జంగ్ సారథ్యంలో మంజీర మీద కట్టారు. మొదట్లో దాని నిల్వ 29 టి.ఎం.సి.లకు పైమాటే. మంజీర తెచ్చిన పూడికతో 1970లు వచ్చేసరికి అది 12 టి.ఎం.సి.ల లోపుకు పడిపోయింది. అప్పుడు డ్యాంను పడగొట్టి కొత్తది కడదామని ఎవరూ అనలేదు. నీటిమట్టాన్ని 1405 అడుగులకు పెంచి, నిల్వను 17.8 టి.ఎం.సి.లకు తెచ్చారు. పాత రాతికట్ట మీదనే కొత్త పని జరిగింది. ఆ నీళ్లతోనే వర్ని, బోధన్ పొలాలు పండాయి.

ఆధునికం చేయడమంటే ఇదే. వాడుకలో ఉన్నదాన్ని వాడుకలోనే ఉంచి, కాలానికి తగ్గట్టు సరిదిద్దుకోవడం. కట్టకు పనికొచ్చిన పద్ధతి బంగళాకు ఎందుకు పనికిరాదు?

ఇటుకలు విసిరిన విందు

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరంలో సముద్రం ఒడ్డున కోనీ ఐలాండ్ అనే చోటుంది. మన జాతరలా ఆటలు, వింతలు, తినుబండారాలతో సందడిగా ఉండేది. అక్కడ 1897లో స్టీపుల్‌చేజ్ అనే వినోదవనం వెలిసింది. ఇనుము, అద్దాలతో కట్టిన దాని పెద్ద మండపం ఊరికంతటికీ ఆనవాలు. 1964లో వనం మూతపడింది. ఫ్రెడ్ ట్రంప్ అనే గృహ నిర్మాణ వ్యాపారి 1965లో ఆ స్థలం కొన్నాడు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్‌కు ఈయన తండ్రి. 1966లో ఆయన అక్కడే విందు ఏర్పాటు చేసి, వచ్చిన అతిథుల చేత ఆ అద్దాల మీదికి ఇటుకలు విసిరించాడు. ఆ తరువాత మండపాన్ని నేలమట్టం చేశారు.

వస్తాయన్న మేడలు మాత్రం రాలేదు. కట్టడానికి కావలసిన అనుమతి దొరకలేదు. 1969లో నగరపాలక సంస్థే ఆ స్థలాన్ని కొనవలసి వచ్చింది. అక్కడ చెప్పుకోదగ్గ కట్టడంగా బేస్‌బాల్ ఆట మైదానం లేచేసరికి 2001 వచ్చింది. ఆ వనంలో మిగిలింది గొడుగు కట్టుకుని కిందికి దిగే ఆటకు వాడిన ఒక ఎత్తైన ఇనుప గోపురం. దాన్ని తీసేయడానికి అయ్యే ఖర్చు మరీ ఎక్కువ కావడంతో అలా నిలిచిపోయింది. 1989లో దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు. ఈనాడు ఆ ఊరికి గుర్తు అదే!

డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హాగన్‌లో దీనికి పూర్తిగా వేరే కథ. 1843లో తెరిచిన తివోలి వనంలో 1874 నాటి నాటకశాల ఉంది. 1914 నాటి కొయ్య దారి మీద నడిచే ఆట బండి ఉంది. వాటి పక్కనే సరికొత్త యంత్రాల ఆటలూ ఉన్నాయి. పాతది చూడటానికి ముసలివాళ్లు, కొత్తది ఎక్కడానికి మనవలు ఒకే టిక్కెట్టు కొని లోపలికి వెళ్తారు.

హైదరాబాదులో ఏం జరిగింది?

అంత దూరం పోనక్కరలేదు. కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్ భవనాన్ని తీసేయాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను మాత్రం శుభ్రం చేసి, రాతిని బయటికి తీసి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అక్కడ అంగళ్లు నడుస్తున్నాయి, ఐస్‌క్రీం అమ్ముడవుతున్నది. పాత కట్టడం వ్యాపారానికి అడ్డం కాలేదు సరికదా, అదే గిరాకీ తెచ్చింది.

గానుగ సున్నం, బెల్లం నీళ్లు

పాత కట్టడాల మరమ్మతుకు డబ్బు ఎక్కువ అవుతుందనే మాట ఉంది. నిజానికి చాలా కట్టడాలు ముసలితనంతో కాదు, అశ్రద్ధతో పాడవుతాయి. గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను చిన్నప్పుడే పీకేస్తే పైసా ఖర్చు లేదు. పదేళ్లు వదిలేస్తే అదే వేరు గోడను చీలుస్తుంది. డాబా మీద నీళ్లు పోయే తూములో ఆకులు తీయకపోతే కప్పు కురుస్తుంది.

ఇంకో పొరపాటు సిమెంటు పూత. పాత గోడలు గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. కరక్కాయ, బెల్లం నానవేసిన నీళ్లు ఆ సున్నంలో కలిపేవారు. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, ఆరబెట్టుకుంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు పూత పెచ్చులూడి గోడ గుల్లబారుతుంది. 'ఎంత చేసినా ఆగడం లేదు, పడగొట్టాల్సిందే' అనే మాట చాలా చోట్ల ఇలాగే పుడుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్న రోజులివి. ఆ పని నేర్పితే పల్లె యువకులకు అదొక బతుకుతెరువు కూడా.

ఫ్యాక్టరీ లెక్క వేరు

బోధన్ ప్రాంతంలో ఈ చర్చ చేస్తే ఎవరైనా వెంటనే శక్కర్‌నగర్ సంగతి అడుగుతారు. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తిరిగి తెరిచే మార్గం చూడడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది.

ఇక్కడ రైతుకు కావలసింది ప్రదర్శనశాల కాదు, చెరుకు గానుగాట. పాత బాయిలర్లతో, పాత రోలర్లతో ఈ కాలంలో చక్కెర గిట్టదు. యంత్రాలు మార్చవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే యంత్రం మార్చడం వేరు, శక్కర్‌నగర్ ఆనవాలే లేకుండా చేయడం వేరు. పనికిరాని యంత్రాల్లో ఒకటి రెండైనా ఊళ్లో నిలబెడితే, ఈ గడ్డ మీద ఎంత పెద్ద పని నడిచిందో రేపటి పిల్లలకు కళ్లతో చూపించవచ్చు.

గోడే చరిత్ర అయిన చోట

నిజామాబాదు ఖిల్లాది మరో తీరు. అక్కడి జైలులో 1948లో బందీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య బొగ్గు ముక్కతో గోడ మీద నిజాంకు వ్యతిరేకంగా పద్యాలు రాశారు. ఆ తరువాత జైలు అక్కడి నుంచి తరలిపోయింది. నిజాం జైలు గోడే నిజాంను ఎదిరించిన వారి గుర్తుగా మారింది. ఆ గోడ తీసేసి, ఎంత పాలరాతి ఫలకం పెట్టినా అది ఆ గోడ కాదు.

అడగవలసినవి మూడు

ఏ పార్కును, ఏ పాత కట్టడాన్ని కొత్తగా చేస్తామన్నా ప్రజలు మూడు ప్రశ్నలు వేయాలి. కట్టడం నిజంగా ప్రమాదకరమేనని సున్నపు కట్టడాల పని తెలిసిన ఇంజనీరు చూసి చెప్పారా? కొత్త హంగులకు పక్కన ఖాళీ జాగా లేదా? పడగొట్టిన చోట రాబోయే దానికి డబ్బు, అనుమతి రెండూ చేతికి వచ్చాయా? మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా గడ్డపార ఆగాలి.

చారిత్రక కట్టడాల రక్షణకు 2017లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. కానీ చట్టం దానంతట అది వచ్చి గోడకు అడ్డం నిలబడదు. ఊరి వాళ్లు గ్రామసభలో తీర్మానం చేయాలి, ప్రజావాణిలో కలెక్టరుకు అర్జీ ఇవ్వాలి. అలీసాగర్‌లో పడవలు తిరగాలి, పిల్లలకు ఊయలలు రావాలి, మంచి భోజనశాల రావాలి. గుట్ట మీది బంగళా కప్పు కూడా బాగుపడాలి. ఇవి రెండు కోరికలు కావు, ఒకటే. అధికారులు ఆ దిశగా ఆలోచిస్తే జిల్లా ప్రజలు సంతోషిస్తారు.