కావలివాడిని ఎవరు లేపాలి?

2025 మే 22 తెల్లవారుజామున నార్వేలోని ట్రాండ్‌హైమ్ సమీపంలో ఓ సరకు నౌక దారి తప్పి నేరుగా ఒడ్డుకెక్కింది. 'ఎన్‌సీఎల్ సాల్టెన్' అనే ఆ నౌక పొడవు 135 మీటర్లు. తీరాన ఉన్న ఒక ఇంటి తోటలోకి దూసుకొచ్చి, ఇంటికి కొద్ది మీటర్ల దూరంలో ఆగింది. అంత జరిగినా ఆ ఇంటాయనకు మెలకువ రాలేదు. పొరుగాయన వచ్చి పదేపదే బెల్లు కొడితే గానీ తన కిటికీ ముందు ఓడ ఉందని తెలియలేదు. నౌకలోని 16 మందికీ గాయాలు కాలేదు. ఆ వేళ ఒంటరిగా కావలి ఉన్న అధికారి తాను నిద్రపోయానని పోలీసులకు చెప్పాడు.

నిద్రపోదామనుకుని ఎవరూ కావలికి వెళ్లరు. అందుకే సముద్రయాన నిబంధనలు మనిషి పట్టుదలనొక్కదాన్నే నమ్ముకోవు. కావలి కాసేవారికి 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలంటాయి. పెద్ద ఓడల్లో ఒక అలారం కూడా ఉంటుంది. కొన్ని నిమిషాల పాటు కావలివాడి కదలిక తెలియకపోతే ముందు అతని దగ్గరే మోగుతుంది. అప్పటికీ లేవకపోతే కెప్టెన్‌నో మరో అధికారినో లేపుతుంది.

నిద్ర పాపం కాదు. రోజంతా బోధించి అలసిన యేసుప్రభువు కూడా దోనెలో, తుపాను మధ్య తలగడ మీద నిద్రించాడు. యోనా నిద్ర వేరు. దేవుని పిలుపు నుంచి పారిపోతూ ఓడ అడుగున పడుకున్న ఆ ప్రవక్తను, ఆ దేవుణ్ణి ఎరుగని ఓడ నాయకుడు లేపాల్సి వచ్చింది.

గెత్సేమనేలో శిష్యుల నిద్ర మరో రకం. ప్రాణమైనా పెడతామన్నవారు ఒక్క గంట మేలుకోలేకపోయారు. వారి శరీరం ఎంత బలహీనమో ప్రభువుకు తెలుసు. అందుకే తన వేదనలో కూడా మూడుసార్లు వారి దగ్గరికి వచ్చాడు. మెలకువగా ఉండమన్న ప్రభువే వచ్చి లేపాడు కూడా!

మన సంఘాల్లో ఏం జరుగుతోంది? ఉపవాస ప్రార్థన, ఆసుపత్రి పరామర్శ, కుటుంబాల తగాదాలు, సమాధి కార్యక్రమం... అన్నిటికీ కాపరి ఒక్కడే. ఇంట్లో అయితే పిల్లల కోసం మోకరించేది తల్లి ఒక్కతే. అలసి పడిపోయిన రోజున వేలెత్తి చూపుతాం. అంతకుముందు ఎన్ని రాత్రులు వారిని ఒంటరిగా వదిలేశామో లెక్క చూసుకోం. కావలివాడు హెచ్చరించకపోతే దేవుడు అతణ్నే లెక్క అడుగుతాడని యెహెజ్కేలు గ్రంథం చెబుతోంది. ఆ బాధ్యత తగ్గదు. కానీ అతనికి తోడుండే బాధ్యత మనది.

ఇశ్రాయేలును కాపాడే దేవుడు కునుకడు. మనం కునుకుతాం. కాబట్టి ఈ వారం రెండు పనులు చేద్దాం. కాపరి మోస్తున్న ఒక పనిని మన భుజానికెత్తుకుందాం. మన ఆత్మీయ జీవితం మందగించినప్పుడు మొహమాటం లేకుండా తలుపు తట్టే హక్కును ఒక సహోదరునికో సహోదరికో ఇద్దాం. వారు తట్టినప్పుడు కోపగించుకోకుండా లేద్దాం.