కర్ర లేకుండా కుక్కకు నేర్పుదాం



మన ఊళ్ళల్లో కుక్క లేని వీధి లేదు. ఇంటి ముందు కుక్క. పొలం కాడ కుక్క. కల్లం దగ్గర కుక్క. కుక్కకు విశ్వాసం ఎక్కువ అంటాం. కానీ ఆ కుక్కే ఒక్కోసారి ఇంట్లో పిల్లల్ని కరుస్తుంది. ఎందుకు కరుస్తుంది? కరవకుండా మనం ఏం చేయాలి? చెప్పిన మాట వినేటట్టు ఎలా నేర్పాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

నల్లోడి కథ

పొన్నూరు మండలంలో మా చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పగలంతా కూలి పని చేస్తుంది. రాత్రి ఏడు గంటలకు పుస్తకం పట్టుకుని వస్తుంది. ఆమె వెనకాలే ఒక నల్ల కుక్క వస్తుంది. దాని పేరు నల్లోడు. అక్క చదువుకున్నంత సేపూ అది గుమ్మం ముందు పడుకుని ఉంటుంది.

పొన్నూరు చుట్టుపక్కల వరి ఎక్కువ. పడమరగా పోతే పత్తి, మిరప పొలాలు వస్తాయి. అక్కా, ఆమె భర్తా ఏటా సంక్రాంతి దాటాక ప్రత్తిపాడు వైపు మిరపకాయ కోతలకు పోతారు. కోతలయ్యాక కల్లం కాపలా ఉంటారు. నల్లోడు కూడా వాళ్ళతోనే పోతుంది.

కల్లంలో కాయలు ఎండబోసి ఉంటాయి. నల్లోడికి అవేం తెలుసు? వాటి మీద నడిచేది. అక్కడే దొర్లేది. సరుకు పాడవుతుందని అక్క భర్త కర్ర తీసుకునేవాడు. ఒక్క దెబ్బ వేస్తే కుయ్యోమని పారిపోయేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది. మళ్ళీ దెబ్బ. కోతల కాలమంతా ఇదే వరస.

వేసవిలో అందరూ ఇంటికి వచ్చారు. అక్క కొడుక్కి ఏడేళ్ళు. వాకిట్లో బిళ్ళంగోడు ఆడుతున్నాడు. బిళ్ళ పోయి నల్లోడు పడుకున్న మూలలో పడింది. పిల్లాడు కర్ర పైకెత్తుకుని అటు పరిగెత్తాడు. నల్లోడు ఒక్కసారిగా లేచి వాడి చెయ్యి కరిచింది. రక్తం వచ్చింది.

నాయనమ్మ గాయానికి కారం అద్దబోయింది. అక్క ఆపింది. కుక్క కరిస్తే ఏం చేయాలో మా కేంద్రం గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. దాన్ని అక్క కూడబలుక్కుని రెండు మూడుసార్లు చదివింది. ఆ సంగతి గుర్తుకొచ్చింది. గాయాన్ని సబ్బుతో పంపు కింద బాగా కడిగింది. వెంటనే పిల్లాణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది. సూదులన్నీ వేయించింది. పిల్లాడు బాగున్నాడు.

అక్క భర్తకు మాత్రం కోపం పోలేదు. "ఈ కుక్క మన ఇంట్లో వద్దు. గోతంలో వేసుకుని దూరంగా వదిలేసి వస్తా" అన్నాడు. అక్క పశువుల ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు గారిని అడిగింది. ఆయన అంతా విన్నారు. "దానికి పిల్లాడి మీద కోపం లేదమ్మా. కర్ర అంటే భయం. కర్ర లేస్తే దెబ్బ పడుతుందని మీరే దానికి నేర్పారు" అన్నారు.

భయపడ్డ కుక్క కరుస్తుంది

కుక్క ఊరికే కరవదు. భయం వేస్తే కరుస్తుంది. తిండి లాక్కుంటే కరుస్తుంది. నొప్పి ఉంటే కరుస్తుంది. పిల్లల తల్లి అయితే తన కూనల కోసం కరుస్తుంది.

కరవబోయే ముందు చాలాసార్లు గుర్తులు చూపిస్తుంది. తోక కాళ్ళ మధ్యకు ముడుచుకుంటుంది. చెవులు వెనక్కి పెడుతుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఒళ్ళు బిగబడుతుంది. పళ్ళు చూపించి గుర్రుమంటుంది.

గుర్రుమన్నప్పుడు కొట్టకండి. "నాకు భయంగా ఉంది, దూరం పొండి" అని అది చెప్పే మాట అదే. కొడితే గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం పోదు. తర్వాత ఏ గుర్తూ లేకుండా కరుస్తుంది. అది ఇంకా ప్రమాదం.

మొరిగే కుక్క కరవదని సామెత ఉంది. అది నమ్మకండి. మొరిగే కుక్క కూడా కరుస్తుంది. కుక్కతోక వంకర అని ఇంకో సామెత ఉంది. నిజమే, తోక వంకర పోదు. కానీ కుక్క నడవడి మారుతుంది. నేర్పితే ముసలి కుక్క కూడా నేర్చుకుంటుంది.

కుక్క ఎలా నేర్చుకుంటుంది?

రష్యా దేశంలో ఇవాన్ పావ్లోవ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. జీర్ణశక్తి మీద చేసిన పరిశోధనకు ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కుక్కలకు తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక చప్పుడు చేసేవారు. కొన్నాళ్ళకు చప్పుడు వింటే చాలు, తిండి కనపడకపోయినా కుక్కల నోట్లో నీళ్ళూరేవి.

ఇది మన ఇళ్ళల్లో కూడా చూస్తాం. అన్నం గిన్నె చప్పుడైతే కుక్క ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. గిన్నె చప్పుడు తర్వాత అన్నం వస్తుందని దానికి తెలుసు. అలాగే కర్ర లేచాక దెబ్బ వస్తుందని నల్లోడికి తెలిసింది. రెండూ ఒకే తీరుగా నేర్చుకున్న సంగతులు.

కాబట్టి ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. ఏ పని చేస్తే మేలు జరుగుతుందో ఆ పని కుక్క మళ్ళీ చేస్తుంది. మంచి పని చేసిన వెంటనే చిన్న ముక్క పెట్టండి. "శభాష్" అనండి. రెండు క్షణాల లోపలే పెట్టాలి. ఆలస్యమైతే ఎందుకు పెట్టారో దానికి తెలియదు.

కొట్టడంలో చిక్కు కూడా ఇదే. పొద్దున చెప్పు కొరికిన కుక్కను సాయంత్రం కొడితే అది ఏ తప్పుకో దానికి తెలియదు. ఇంటికి వచ్చిన మనిషి కొడతాడని మాత్రం తెలుస్తుంది.

హైదరాబాదు దగ్గర మొయినాబాదులో పోలీసు కుక్కలకు శిక్షణ ఇస్తారు. వాసన పట్టి బాంబులు కనిపెట్టే కుక్కలకు మామూలుగా బహుమతి ఏమిటో తెలుసా? ఆడుకునే బంతి. అంత పెద్ద పని ఆటతో నేర్పగలిగితే, మన ఇంటి కుక్కకు కర్ర ఎందుకు?

ఏం నేర్పాలి? ఎలా నేర్పాలి?

అన్నం పెట్టక ముందు, కుక్కకు ఆకలిగా ఉన్నప్పుడు నేర్పండి. ఒకసారికి ఐదు నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడుసార్లు చేయండి. ఉడికించిన గుడ్డు ముక్కలో, రొట్టె ముక్కలో దగ్గర పెట్టుకోండి. చిటికెన వేలి గోరంత ముక్క చాలు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. ఒకరు "రా" అని, ఇంకొకరు "ఇటు" అని అంటే కుక్క తికమక పడుతుంది.

1. పిలిస్తే రావడం: రెండు అడుగుల దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. రాగానే ముక్క పెట్టండి. రోజు రోజుకూ దూరం పెంచండి. పిలిచి ఎప్పుడూ కొట్టకండి. ఒక్కసారి కొట్టినా, మళ్ళీ పిలిస్తే రావడానికి జంకుతుంది.

2. కూర్చోవడం: ముక్కను కుక్క ముక్కు దగ్గర పెట్టి మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. దాని తల పైకి లేస్తుంది, నడుము కిందికి ఆనుతుంది. ఆనగానే "కూర్చో" అని ముక్క పెట్టండి. వీపు మీద నొక్కి కూర్చోబెట్టవద్దు.

3. మీదికి ఎగరకుండా ఉండటం: ఎగిరితే అటు తిరిగి నిలబడండి. మాట్లాడకండి. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టాక పలకరించండి.

4. ఇల్లు పాడు చేయకపోవడం: కూన నిద్ర లేవగానే, తిండి తినగానే, ఆడుకోగానే బయటికి తీసుకుపోండి. బయట పని కానిచ్చాక మెచ్చుకోండి. ఇంట్లో చేస్తే మూతి దాంట్లో రాయకండి. కడిగేసి ఊరుకోండి.

5. గోతం మీద ఉండటం: కల్లం కాపలా కుక్కకు ఇది ముఖ్యం. ఒక పాత గోతం నీడలో పరవండి. దాని మీద ముక్క వేయండి. కుక్క గోతం ఎక్కగానే "గోతం" అనండి. పడుకున్నాక ఇంకో ముక్క పెట్టండి. మొదట అర నిమిషం ఉంటే చాలు. తర్వాత సమయం పెంచండి. నేర్చాక ఆ గోతాన్ని కల్లం గట్టున వేయండి. "కాయల మీదికి పోకు" అని చెబితే కుక్కకు అర్థం కాదు. ఎక్కడ ఉండాలో చూపిస్తే అర్థమవుతుంది.

కూనను పెంచుకోవాలంటే రెండు నెలలు నిండే దాకా తల్లి దగ్గరే ఉంచండి. ఆ తర్వాత కొద్ది వారాలు చాలా విలువైనవి. పిల్లల్ని, ముసలివాళ్ళని, పశువుల్ని, ట్రాక్టరును మెల్లగా చూపించండి. ఆ వయసులో బెదరకుండా చూసినవాటికి పెద్దయ్యాక భయపడటం తక్కువ.

తిండి, గొలుసు

కారం అన్నం పెడితే కుక్కకు పౌరుషం వస్తుందని కొందరు అంటారు. అది తప్పు. కారంతో కుక్కకు కడుపు మండుతుంది, విరేచనాలు అవుతాయి. పౌరుషం రాదు, బాధ వస్తుంది. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కూడా కుక్కకు విషం లాంటివి. ఉడికిన కోడి ఎముకలు విరిగి గొంతులోనూ పేగుల్లోనూ గుచ్చుకుంటాయి. పురుగు మందు కొట్టిన చేలోకి కుక్కను పోనివ్వకండి.

పొద్దస్తమానం గొలుసుతో కట్టేసిన కుక్క చిరాకు పడుతుంది. కరవడానికి సిద్ధంగా ఉంటుంది. రోజూ కాసేపు తిప్పండి. రోహిణి కార్తె ఎండల్లో నీడ, నీళ్ళు తప్పకుండా ఉండాలి. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి వగర్చి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది.

జంతువుల్ని హింసించడం నేరమని 1960లోనే చట్టం చేశారు. కుక్కను కొట్టి హింసించినా, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసినా, దిక్కు లేకుండా వదిలేసినా ఆ చట్టం కింద నేరమే.

పిల్లలకూ నేర్పాలి

కుక్కకు నేర్పితే చాలదు. పిల్లలకూ నేర్పాలి. తింటున్న కుక్కను ముట్టుకోకూడదు. నిద్రపోతున్న కుక్కను లేపకూడదు. కూనలున్న తల్లి దగ్గరికి పోకూడదు. తోక లాగకూడదు, రాళ్ళు వేయకూడదు. వీధి కుక్క మీదికి వస్తే పరిగెత్తకూడదు. చేతులు దగ్గర పెట్టుకుని కదలకుండా నిలబడాలి. చిన్న పిల్లల్ని కుక్క దగ్గర ఒంటరిగా వదలకూడదు, అది ఎంత మంచి కుక్క అయినా సరే.

కుక్క కరిస్తే

గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పెట్టకూడదు. కట్టు గట్టిగా కట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం.

పూర్వం బొడ్డు చుట్టూ 14 సూదులు వేసేవారు. ఇప్పుడా భయం అక్కర లేదు. ఆ పాత మందును ఆపేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా మొదటి రోజు వేసి, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. చీటీ మీద తేదీలు రాసి ఇస్తారు. ఆ తేదీలు మీరే చదువుకోండి. ఒక్కటీ తప్పిపోకూడదు. గాయం లోతుగా ఉంటే గాయం దగ్గర ఇంకో మందు కూడా వేస్తారు. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకూడదు. రేబిస్ జబ్బు పైకి కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేయించుకుంటే ప్రాణం నిలుస్తుంది.

ఈ టీకాను మొదట ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ గారు 1885 జూలై 6న ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడికి వేశారు. ఆ పిల్లవాడు బతికాడు. అందుకే ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. కూనకు మూడో నెలలో మొదటి టీకా వేయించండి. తర్వాత డాక్టరు గారు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి.

నల్లోడు ఇప్పుడు

అక్క నల్లోణ్ణి వదిలిపెట్టలేదు. టీకా వేయించింది. రెండు నెలల పాటు రోజూ పొద్దున్నే గోతం మీద పడుకోవడం నేర్పింది. మొదట్లో ఆమె భర్త నవ్వాడు. తర్వాతి కోతలకు నల్లోడు కల్లం గట్టున గోతం మీదే ఉంది. రాత్రి ఎవరైనా వస్తే మొరిగింది. కాయల మీద అడుగు పెట్టింది చాలా తక్కువ. పెట్టినప్పుడు అక్క భర్తే "గోతం" అని పిలిచి రొట్టె ముక్క వేశాడు.

కర్ర చూస్తే నల్లోడు ఇప్పటికీ కొంచెం ముడుచుకుంటుంది. భయం నేర్పడం తేలిక, మాన్పడం కష్టం. అందుకని పిల్లాడు బిళ్ళంగోడు కర్రను వీధి అరుగు మీద పెట్టి, ఖాళీ చేతులతో ఇంట్లోకి వస్తాడు. నల్లోడు తోక ఊపుకుంటూ ఎదురు వెళుతుంది.

మాట్లాడుకుందాం

1. నల్లోడు పిల్లాణ్ణి ఎందుకు కరిచింది?
2. గుర్రుమనే కుక్కను ఎందుకు కొట్టకూడదు?
3. కుక్క కరిస్తే ముందు చేయాల్సిన పని ఏమిటి?
4. మీ వీధిలో టీకా వేయించని పెంపుడు కుక్కలు ఎన్ని ఉన్నాయి? లెక్క రాయండి. అందరూ కలిసి పశువుల ఆసుపత్రికి తీసుకుపొండి.