ఆ రాయి మన మీద పడదని ఎలా తెలిసింది?

ఆకాశంలో తిరిగే బండరాయి దారి కనిపెట్టాలంటే ముందు చుక్కల చిరునామాలు తెలియాలి. వందేళ్ల కిందట వాటిని రాసిపెట్టిన వాళ్లలో మన హైదరాబాదు వాళ్లూ ఉన్నారు!

2025 ఫిబ్రవరిలో టీవీ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. '2024 వైఆర్4' అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొట్టవచ్చన్నారు. అది పడే వీలున్న ప్రాంతాల్లో దక్షిణాసియా కూడా ఉందన్నారు. మొదట ఒక శాతం చుట్టూ ఉన్న ముప్పు ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతమైంది. వారం తిరక్కుండానే దాదాపు సున్నాకు పడిపోయింది. 'వీళ్లకు లెక్కలు వచ్చా?' అని నవ్వినవాళ్లూ ఉన్నారు. కానీ లెక్క తప్పలేదు... లెక్క తీరే అంత!

బస్సు ఎటు వెళ్తోంది?

సూర్యాపేట బస్టాండులోంచి ఓ బస్సు బయటికొచ్చింది. బోర్డు కనపడలేదు. అది కోదాడ వెళ్తుందా, మిర్యాలగూడ వెళ్తుందా? ఒక్క నిమిషం చూసి చెప్పలేం. ఊరు దాటి కాస్త దూరం వెళ్లాక తేలిపోతుంది. గ్రహశకలం సంగతీ అంతే. కొద్దిరోజులు చూసి లెక్కగట్టిన దారి చాలా వెడల్పుగా ఉంటుంది. చూసేకొద్దీ ఇరుకవుతుంది. ఆ ఇరుకు దారిలో భూమి ఇంకా ఉంటే శాతం పెరుగుతుంది. భూమి పక్కకు తప్పుకోగానే ఒక్కసారిగా పడిపోతుంది.

మరి రాయి ఎక్కడుందో కొలిచేదెలా? రోడ్డు మీద కిలోమీటరు రాళ్లున్నట్టే ఆకాశంలో నక్షత్రాలు. ఫలానా చుక్కకు ఇంత దూరంలో ఉంది అని రాసుకుంటారు. చిక్కేమిటంటే, ఈ కిలోమీటరు రాళ్లు కూడా మెల్లగా కదులుతుంటాయి. ఆ కదలిక తెలియాలంటే పాత చిరునామా కావాలి.

బేగంపేటలో చేసిన పని

ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి చుక్కల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో శాస్త్రవేత్తలు తీర్మానించారు. దేశదేశాల వేధశాలలు తలా ఒక భాగం పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వదిలేసిన భాగం హైదరాబాదుకు వచ్చింది. నవాబ్ జఫర్‌జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలను ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అక్కడ 8 అంగుళాల దూరదర్శినితో గాజు పలకల మీద ఫొటోలు తీశారు. ఒక్కో చుక్కనూ కంటితో కొలిచి 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చువేశారు. కంప్యూటర్లు లేని రోజులవి!

చాలాకాలం ఆ సంపుటాలను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1989లో ఐరోపా 'హిప్పార్కస్' ఉపగ్రహాన్ని పంపింది. దాని కొలతల పక్కన ఈ పాత పట్టికలు పెట్టి చూస్తే చుక్కల కదలిక బయటపడింది. అలా 2000లో 25 లక్షల నక్షత్రాలతో 'టైకో-2' పట్టిక వచ్చింది. అందులో హైదరాబాదు కొలతలూ ఉన్నాయి.

తర్వాత 2013లో వెళ్లిన 'గయా' భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి, గాలి పొర అడ్డులేకుండా, 2025 జనవరి దాకా ఆకాశాన్ని కొలిచింది. నక్షత్రాలతోపాటు లక్షా 56 వేలకు పైగా గ్రహశకలాల కక్ష్యలను 2023లో వెల్లడించింది. ఇప్పుడు ఏ గ్రహశకలాన్ని కొలిచినా ఆనవాళ్లు గయా చుక్కలే. వైఆర్4 నేల మీది దూరదర్శినులకు మసకబారాక కూడా అంతరిక్షంలోని జేమ్స్ వెబ్ దాన్ని వెంటాడింది. దాదాపు 60 మీటర్ల రాయి అని తేల్చింది.

చలికాలం రాత్రి కోదాడలోనో మిర్యాలగూడలోనో మేడెక్కి చూడండి. వరసగా మూడు చుక్కలుండే ఒరాయన్ కింద, దక్షిణం వైపు ఓ చిన్న గుంపు కనిపిస్తుంది. పేరు కుందేలు. అందులోని ప్రధాన నక్షత్రాలు హైదరాబాదు వంతుకు వచ్చిన పట్టీలోవే. ఆ పలకలు కొలిచినవాళ్లకు, వాటి అవసరం ఎప్పుడొస్తుందో తెలియదు. అయినా ఒక్క చుక్కనూ వదల్లేదు!